72 గంటల సంగతి క్లాసులో ఎందుకు చెప్పం?

డిసెంబర్ 1న, ప్రపంచ ఎయిడ్స్ దినం నాడు, మన డిగ్రీ కాలేజీల్లో ఏం జరుగుతుందో లెక్చరర్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు చొక్కాలకి ఎర్ర రిబ్బన్లు గుచ్చుకుని వస్తారు. ఫ్లెక్సీ పట్టుకుని గేటు నుంచి సెంటరు దాకా ర్యాలీ చేసి, అక్కడ మానవహారం కట్టి ప్రతిజ్ఞ చేస్తారు. తర్వాత సెమినార్ హాల్లో ఓ డాక్టరు గారు మాట్లాడతారు. ఎయిడ్స్ ప్రాణాంతకమని, యువత చెడు అలవాట్లకు దూరంగా ఉండాలని, నివారణ ఒక్కటే మార్గమని చెప్తారు. వ్యాసరచన పోటీలో గెలిచినవాళ్లకి బహుమతులు ఇస్తారు. మధ్యాహ్నానికి కాలేజీ మళ్లీ మామూలైపోతుంది.

ఆ పిల్లలు ఎండలో నడిచింది మనస్ఫూర్తిగానే. ఆ డాక్టరు గారు ఓపీ వదిలి వచ్చింది కూడా మంచి మనసుతోనే. ఇంతమంది శ్రద్ధ పెట్టిన రోజు గడిచాక, ముందు వరసలో నడిచిన కుర్రాణ్ణి ఒక్క ప్రశ్న అడిగి చూడండి. "రాత్రి కండోమ్ చిరిగిపోయింది. అవతలి మనిషికి హెచ్‌ఐవి ఉందో లేదో తెలీదు. ఇప్పుడేం చేయాలి?" నేను ఏటా కొత్త బ్యాచ్‌ని ఇదే అడుగుతాను. "మూడు నెలలాగి టెస్టు చేయించుకోవాలి మేడమ్" అని ఎక్కువమంది అంటారు. "ఇంకేముంది మేడమ్, అయిపోయినట్టే కదా" అనేవాళ్లూ ఉంటారు. సరైన జవాబు చెప్పిన పిల్లలు చాలా అరుదు.

సరైన జవాబు చాలా చిన్నది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 72 గంటల్లోపు, కుదిరితే మొదటి కొద్ది గంటల్లోనే హెచ్‌ఐవి మందులు మొదలుపెట్టి 28 రోజులు వదలకుండా వేసుకుంటే, వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఆపే అవకాశం చాలా ఎక్కువ. దీన్ని డాక్టర్లు పెప్ అంటారు. ఇదేమీ నిన్నమొన్న వచ్చిన పద్ధతి కాదు. పేషెంటుకి వాడిన సూది పొరపాటున గుచ్చుకున్న నర్సులకీ హౌస్ సర్జన్లకీ ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నారు. ఆసుపత్రి లోపలున్నవాళ్లకి తెలిసిన ఈ విషయం గేటు దాటి కాలేజీ దాకా రాలేదు.

నేను జువాలజీ చెప్తాను. కోస్తాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ మాది. పిల్లల్లో హెచ్‌ఐవి అవగాహన పెంచే రెడ్ రిబ్బన్ క్లబ్ బాధ్యత కూడా చాలాకాలంగా నాదే. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అనిపించింది ఒకటే. మన హెచ్‌ఐవి పాఠం "వద్దు" అన్నచోట మొదలై "వద్దు" అన్నచోటే ముగుస్తోంది. జరిగిపోయాక ఏం చేయాలి, ఎక్కడికి వెళ్లాలి, ఏ మందు ఉంది, ఎంతకాలం టైముంది అన్న సగం పాఠం ఎవరూ చెప్పడం లేదు. ఈ రోజుల్లో నివారణ చాలావరకు ఆ రెండో సగంలోనే ఉంది.

72 గంటలే ఎందుకని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. వైరస్ లోపలికి వెళ్లిన క్షణంలోనే ఒళ్లంతా పాకదు. ముందు అది చొరబడిన పొర దగ్గరున్న కొన్ని రోగనిరోధక కణాల్లో దూరుతుంది. అక్కడి నుంచి దగ్గర్లోని లింఫ్ గ్రంథులకు, ఆ తర్వాత రక్తంలోకి చేరడానికి కొద్ది రోజులు పడుతుంది. ఈలోగా మందు అందితే, వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చుకోవడాన్ని, ఆ డీఎన్‌ఏని మన కణం డీఎన్‌ఏలో అతికించడాన్ని అడ్డుకోవచ్చు. అతికించడం అయిపోయాక ఇప్పుడున్న మందులతో దాన్ని పూర్తిగా ఊడబీకలేం. ఆ గడువు వెనకున్న శాస్త్రం ఇదే. పది నిమిషాల్లో బోర్డు మీద గీసి చూపించొచ్చు. బైపీసీ చదవని పిల్లలకి కూడా అర్థమవుతుంది.

బైపీసీ అన్నాను కాబట్టి ఆ సంగతి కూడా చెప్పాలి. ఇంటర్‌లో జువాలజీ తీసుకున్నవాళ్లు రోగనిరోధక వ్యవస్థ పాఠంలో ఎయిడ్స్ గురించి చదువుతారు. ఎలైసా, వెస్టర్న్ బ్లాట్ అనే హెచ్‌ఐవి టెస్టుల పేర్లు పరీక్ష కోసం బట్టీ పడతారు. ఎంపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకి ఆ మాత్రం కూడా ఉండదు. మన రాష్ట్రాల్లో ఎంపీసీ వైపు పోయేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. ఇంజనీరింగ్‌లో చేరి హైదరాబాద్, బెంగళూరు హాస్టళ్లకి, అక్కడి నుంచి విదేశాలకి పోయేది వాళ్లే. ఇంటికి దూరంగా, చేతిలో ఫోనుతో, అడిగేవాళ్లు లేకుండా బతకబోయే పిల్లలకి పదో తరగతి తర్వాత ఈ విషయం మళ్లీ ఎవరూ చెప్పరు.

పదో తరగతిలోనైనా సరిగ్గా చెప్తున్నామా? దాని వెనక ఓ కథ ఉంది. 2005 ప్రాంతంలో కేంద్ర మానవ వనరుల శాఖ, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి బడుల కోసం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. 2007కల్లా మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి చాలా రాష్ట్రాలు దాన్ని వద్దన్నాయి. బొమ్మలు బాగాలేవన్నారు, పిల్లలు చెడిపోతారన్నారు. విషయం రాజ్యసభ పిటిషన్ల కమిటీ దాకా వెళ్లింది. ఆ కమిటీకి అప్పుడు అధ్యక్షులు మన నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడు గారు. బడుల్లో లైంగిక విద్య వద్దని కమిటీ 2009లో నివేదిక ఇచ్చింది. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆ నివేదికతో మాత్రం ఏకీభవించలేను. పిల్లలు చెడిపోతారన్న భయానికి ఆధారాలు లేవు. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ పరిశీలించి యునెస్కో 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి సంబంధాల్లోకి దిగడం జరగదని వాటిలో స్పష్టంగా ఉంది. బడిలో తలుపు మూశాం కాబట్టి భారమంతా కాలేజీ మీద పడింది. కాలేజీ ర్యాలీతో సరిపెడుతోంది.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. హెచ్‌ఐవి గురించి సమగ్ర అవగాహన ఉన్నవాళ్లు దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 21.6 శాతం, మగవాళ్లలో 30.7 శాతం అని తేలింది. సమగ్ర అవగాహన అంటే పెద్ద శాస్త్ర జ్ఞానమేమీ కాదు. కండోమ్ ప్రతిసారీ వాడితే ముప్పు తగ్గుతుందని తెలియాలి. ఇన్ఫెక్షన్ లేని ఒక్క భాగస్వామికే కట్టుబడి ఉంటే ముప్పు తగ్గుతుందని తెలియాలి. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా హెచ్‌ఐవి ఉండొచ్చని తెలియాలి. జనంలో ఎక్కువగా ఉన్న రెండు అపోహలు తప్పని తెలియాలి. అంతే. దేశంలో హెచ్‌ఐవి కనిపించి ముప్పై ఏళ్లు దాటాక కూడా ఐదుగురు ఆడవాళ్లలో నలుగురికి దాదాపుగా ఈ నాలుగూ కలిపి తెలియవు.

మన దేశంలో హెచ్‌ఐవి ఉందని మొదట కనిపెట్టింది ఓ విద్యార్థిని అన్న సంగతి నా క్లాసులో తప్పకుండా చెప్తాను. 1985-86లో మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మలకి, ఈ అంశం మీద థీసిస్ చేయమని ప్రొఫెసర్ సునీతి సోలమన్ సలహా ఇచ్చారు. అప్పట్లో ఇది పాశ్చాత్య దేశాల జబ్బు, మనకి రాదు అని పత్రికలు, అధికారులు నమ్మకంగా ఉన్న రోజులు. నిర్మల సెక్స్ వర్కర్ల దగ్గరికి వెళ్లి మాట్లాడి రక్త నమూనాలు సేకరించారు. మద్రాసులో పరీక్షించే సదుపాయం లేక వాటిని వెల్లూరు సీఎంసీకి తీసుకెళ్లి పరీక్ష చేయించారు. ఆరు నమూనాలు పాజిటివ్ వచ్చాయి. అంతవరకు "మనకి రాదు" అన్న ప్రభుత్వం మాట మార్చుకోవాల్సి వచ్చింది. ఇది చెప్పినప్పుడు వెనక బెంచీల్లో కూడా ఫోన్లు పక్కన పెట్టి వింటారు. కాలేజీలో చదువుకుంటున్న మనిషే ఆ మౌనాన్ని ఛేదించింది మరి.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు మన తెలుగు నేలకి కష్టకాలం. 2000 ప్రాంతంలో దేశంలో హెచ్‌ఐవి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటికి మందులు ఉన్నా మామూలు కుటుంబాలు కొనగలిగే ధరలో లేవు. చనిపోయినవాళ్ల పేర్లు ఊళ్లో గుసగుసగా వినిపించేవి. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు అప్పుడే వచ్చాయి. ఇప్పుడు నలభై దాటిన తెలుగువాళ్లలో ఆ ప్రశ్న గుర్తులేనివాళ్లు ఉండరు. పులిరాజా ఎవరో తెలీక జనం టీకొట్ల దగ్గర వాదించుకునేవాళ్లు. ఇంట్లో పలకడానికి భయపడే మాటని ఆ ప్రచారం రోడ్డు మీదికి తెచ్చింది. దాని మేలు నేను ఒప్పుకుంటాను.

అయితే ఆ కాలపు భయం మన పాఠాల్లో అలాగే గడ్డకట్టుకుపోయింది. పుర్రె బొమ్మ, ఎముకల గూడు, "మరణమే శరణ్యం" తరహా రాతలు ఇప్పటికీ పోస్టర్ పోటీల్లో వస్తూనే ఉంటాయి. పిల్లల్ని అనడానికి లేదు. వాళ్లు చూసిన పాత పోస్టర్లే వాళ్లకి ఆధారం. మందుల సంగతి చూస్తే లోకం పూర్తిగా మారిపోయింది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం వైరస్‌ని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో, వైరస్ దెబ్బతీసే సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్క బాగా పడిపోయినవాళ్లకే ఇచ్చేవాళ్లు. 2017 నుంచి ఆ లెక్కతో పని లేకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతివాళ్లకీ వెంటనే మందు మొదలుపెట్టాలన్న విధానం వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది వేసుకునేది రోజుకి ఒకే మాత్ర. మూడు మందులు అందులోనే ఉంటాయి. వేళకి వేసుకుంటే ఉద్యోగం చేసుకోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, హెచ్‌ఐవి లేని బిడ్డల్ని కనొచ్చు. దాదాపు అందరిలాగే పూర్తి ఆయుష్షు బతకొచ్చు.

ఇంకో విషయం ఉంది. పిల్లలకే కాదు, చాలామంది టీచర్లకి కూడా ఇది కొత్తగా ఉంటుంది. మందు సరిగ్గా వాడి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, పరీక్షకి కూడా అందనంత తగ్గి, అలాగే నిలబడిన మనిషి నుంచి శృంగారం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవి సోకదు. ఇది ధైర్యం చెప్పడానికి అనే మాట కాదు. భార్యాభర్తల్లో ఒకరికి ఉండి ఒకరికి లేని జంటల మీద తొమ్మిది దేశాల్లో పెద్ద అధ్యయనం జరిగింది. చెన్నై, పుణె జంటలు కూడా అందులో ఉన్నారు. మందు ముందుగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో తేలింది. చెన్నైలో ఆ అధ్యయనం చేసింది సునీతి సోలమన్ పెట్టిన వైఆర్‌జీ కేర్ సంస్థే. తర్వాత యూరప్‌లో మగ జంటల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వైరల్ లోడ్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు అందులో ఒక్కటి కూడా లేదు. అంటే పాజిటివ్ ఉన్న మనిషి మందు వేసుకోవడం కూడా నివారణే. వ్యాధి ఉన్నవాళ్లని దూరం పెట్టడం నేర్పిన పాఠం, నివారణకి అసలు దారినే మూసేసింది. భయపడిన మనిషి టెస్టుకి వెళ్లడు. టెస్టు లేనిదే మందు లేదు. మందు లేకపోతే వైరస్ ఇంకొకరికి పోతూనే ఉంటుంది.

మా క్లబ్‌లో చీటీల డబ్బా పెట్టాం. పేరు రాయక్కర్లేదు. తెలుగు, ఇంగ్లీషు ఏదైనా పర్వాలేదు. వచ్చే ప్రశ్నల్లో "దోమ కుడితే వస్తుందా?" అన్నది ప్రతి ఏడాదీ మొదటి స్థానం వదలదు. దోమ కుట్టేటప్పుడు మనలోకి వదిలేది తన లాలాజలాన్ని, ఇంతకుముందు తాగిన రక్తాన్ని కాదు. దోమ పొట్టలో హెచ్‌ఐవి పెరగదు, అరిగిపోతుంది. మలేరియా పరాన్నజీవి అలా కాదు, అది దోమ ఒంట్లోనే ఎదిగి లాలాజల గ్రంథుల్లో చేరుతుంది. ఈ తేడా చెప్పాక మళ్లీ ఎవరూ అడగరు. "మంగలి షాపులో బ్లేడుతో వస్తుందా?" అన్నది రెండోది. దానికి కొత్త బ్లేడు వేయించుకుంటే చాలు. హెచ్‌ఐవికన్నా హెపటైటిస్ బి కోసమైనా అది మంచిదే.

తర్వాతి చీటీలు బరువైనవి. "మా మావయ్యకి ఉంది. ఆయన తాగిన గ్లాసుతో తాగొద్దని అమ్మ అంటుంది. నిజమేనా?" "రెండు నిరోధ్‌లు ఒకేసారి వేసుకుంటే ఇంకా సేఫా?" "పర్సులో పెట్టుకుంటే పాడవుతుందా?" "కొబ్బరినూనె వాడొచ్చా?" ఈ చివరి ప్రశ్న చదివినప్పుడు హాల్లో నవ్వులు వస్తాయి. నేను నవ్వను. అడిగిన పిల్లాడు చాలా ముఖ్యమైనదే అడిగాడు. నూనె తగిలితే కండోమ్‌లోని లేటెక్స్ రబ్బరు పలచబడి చిరిగిపోతుంది, అందుకే నీళ్ల ఆధారంగా తయారైన జెల్ వాడాలి. రెండు వేస్తే ఒకదానికొకటి రాసుకుని చిరిగే ముప్పు ఎక్కువ. పర్సులో నెలల తరబడి వేడికి, ఒత్తిడికి ఉంచకూడదు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడాలి. మావయ్య గ్లాసు విషయంలో అమ్మ భయం నిజం కాదు, గ్లాసు వల్ల హెచ్‌ఐవి సోకదు. మన దేశంలో 1968 నుంచి నిరోధ్ ఉంది. యాభై ఏళ్లు దాటినా దాన్ని ఎలా తెరవాలో, ఎలా తీయాలో మోడల్ మీద చూపించే కాలేజీలు ఇంకా వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. మహిళా లెక్చరర్ చూపించడం ఏం బాగుంటుందని నాతో అన్నవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు ల్యాబ్‌లో బొద్దింకని కోసి చూపించినంత మామూలుగా చూపిస్తే పిల్లలు కూడా మామూలుగానే చూస్తారు. ఇబ్బంది సాధారణంగా స్టాఫ్ రూమ్‌లోనే ఉంటుంది.

"నాకు అబ్బాయిలంటే ఇష్టం. నాకు కూడా వస్తుందా?" అని ప్రతి ఏడాదీ కనీసం ఒక చీటీ వస్తుంది. మన పాఠాలన్నీ "పర స్త్రీలతో జాగ్రత్త" అని చెప్తాయి. దాంతో ఇంకో అబ్బాయితో ఉన్నవాడు ఇది తనకి సంబంధం లేని విషయమనుకుంటాడు. నిజం దానికి తలకిందులుగా ఉంటుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ అంచనాలో, అవతలి మనిషికి హెచ్‌ఐవి ఉండి మందుల్లో లేనప్పుడు, మలద్వార సంభోగంలో స్వీకరించే వ్యక్తికి సోకే ముప్పు ప్రతి పదివేల సార్లకి 138. యోని సంభోగంలో స్త్రీకి అది 8. ఆ పొర పలచన, తొందరగా గీసుకుపోతుంది, కారణం అంతే. ఆ అబ్బాయి కూడా నా విద్యార్థే. 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌లో పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధాన్ని నేరం కాదంది. ఇక చట్టం పేరు చెప్పి తప్పించుకునే వీలు కూడా లెక్చరర్లకి లేదు. ముప్పు తరచుగా ఉండేవాళ్లు ముందే రోజూ వేసుకునే ప్రెప్ మాత్రలు ఉన్నాయని కూడా వాళ్లకి తెలియాలి. 8, 138 లాంటి అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి కాబట్టి ఓ హెచ్చరిక కూడా చెప్తాను. ఇవి సగటు లెక్కలు. కొత్తగా సోకిన మొదటి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, ముప్పు కూడా చాలా పెరుగుతుంది. అప్పుడు జ్వరం, గొంతు నొప్పి, ఒంటిమీద దద్దుర్లు వచ్చి వాటంతటవే తగ్గిపోవచ్చు. వైరల్ ఫీవర్ అనుకుని వదిలేస్తారు.

ఆడపిల్లల చీటీలు వేరేగా ఉంటాయి. మా దగ్గర డిగ్రీ మూడో ఏడాదికి వచ్చేసరికి చాలామందికి సంబంధాలు చూస్తుంటారు. "పెళ్లికి ముందు టెస్టు చేయించుకోమని అబ్బాయిని అడగొచ్చా మేడమ్?" అడగొచ్చు. ఇద్దరూ కలిసి చేయించుకుంటే ఇంకా మంచిది. జాతకం, ప్యాకేజీ, పొలం, ఇల్లు అన్నీ విచారించే పెద్దవాళ్లు ఈ ఒక్కటీ అడగడానికి సిగ్గుపడతారు. మన దేశంలో హెచ్‌ఐవి వచ్చిన చాలామంది గృహిణులకి అది భర్త నుంచే వచ్చింది. వాళ్లకి "ఒక్కరితోనే ఉండండి" అన్న సలహా ఏం పనికొచ్చింది? వాళ్లు ఒక్కరితోనే ఉన్నారు. అందుకే "మంచి అలవాట్లున్నవాళ్లకి రాదు" అన్న వాక్యం నా క్లాసులో ఎవరు అన్నా ఒప్పుకోను. అది ఆ ఆడవాళ్లని రెండోసారి శిక్షించడమే. అయితే టెస్టు సర్టిఫికెట్‌కి కూడా పరిమితి ఉందని చెప్పాలి. ప్రభుత్వ హెచ్‌ఐవి కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలైన ఐసీటీసీల్లో చేసే రాపిడ్ పరీక్ష, వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలని పట్టుకుంటుంది. సోకిన తర్వాత అవి కనపడటానికి మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పట్టొచ్చు. ఆ మధ్యకాలంలో నెగటివ్ వచ్చినా నమ్మకం లేదు. పెప్ వాడినవాళ్లకి కూడా మొదట ఒకసారి, ఆరు వారాలకి, మూడు నెలలకి పరీక్ష చేయాలి. ఒక్క కిట్‌లో గీత కనపడినంత మాత్రాన పాజిటివ్ అని తేల్చరు, వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూసి నిర్ధారిస్తారు. ఇంటర్నెట్‌లో కిట్ కొనుక్కుని రాత్రంతా ఏడ్చే పిల్లలకి ఈ ఒక్క వాక్యం తెలిస్తే ఎంత మేలో.

విదేశాలకి వెళ్లేవాళ్ల చీటీలు ఈమధ్య పెరిగాయి. "పాజిటివ్ అయితే అమెరికా వీసా రాదా?" ఒకప్పుడు ఆ ఆంక్ష ఉండేది, 2010 జనవరి నుంచి తీసేశారు. గల్ఫ్ దేశాల్లో పని వీసాకి మాత్రం హెచ్‌ఐవి పరీక్ష ఇంకా ఉంది. అక్కడికి వెళ్లే కరీంనగర్, నిజామాబాద్, కడప కుర్రాళ్లు ఈ సంగతి అక్కడికి వెళ్లాక కాక ముందే తెలుసుకోవాలి.

పాఠం చెప్పడం ఒకెత్తు, పిల్లాడు టెస్టింగ్ సెంటర్ గడప తొక్కడం ఇంకొకెత్తు. ఐసీటీసీలో పరీక్ష ఉచితం. కౌన్సెలింగ్ ముందూ తర్వాతా ఉంటుంది. వివరాలు గోప్యంగా ఉంచాలి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే డబ్బులు పడకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇవన్నీ చెప్పి ధైర్యం ఇచ్చాక, మా విద్యార్థి ఒకడు ఓ ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడ లైన్లో నిలబడ్డ పదిమంది ముందే "పెళ్లయిందా? మరి నీకెందుకు ఈ టెస్టు?" అని అడిగారు. పరీక్ష చేయించుకోకుండానే తిరిగొచ్చేశాడు. ఏడాదంతా చెప్పిన పాఠాన్ని ఒక్క మాట చెరిపేసింది. అప్పటి నుంచి మేం డిసెంబర్ కోసం ఆగకుండా మామూలు రోజుల్లో చిన్న చిన్న బృందాలుగా పిల్లల్ని ఆ సెంటర్‌కి తీసుకెళ్తున్నాం. కౌన్సెలర్‌ని చూస్తారు, గది ఎక్కడుందో తెలుస్తుంది, ఏ టైముకి రష్ ఉండదో కనుక్కుంటారు. కోరుకున్నవాళ్లు తర్వాత ఒంటరిగా వెళ్తారు. ఎవరు వెళ్లారో నేను అడగను, నాకు తెలియక్కర్లేదు. ఇంటర్ పిల్లల విషయంలో ఓ చిక్కు ఉంది. పద్దెనిమిది నిండనివాళ్లకి పరీక్ష చేయాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. కాబట్టి ఆ వయసువాళ్లకి 1097 నంబరు మరీ ముఖ్యం.

చట్టం గురించి కూడా చెప్పాలి, అది మన కాలేజీలకే వర్తిస్తుంది కాబట్టి. 2017లో వచ్చిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. పాజిటివ్ అని విద్యార్థికి సీటు నిరాకరించడం, హాస్టల్ నుంచి పంపేయడం, వేరుగా కూర్చోబెట్టడం కుదరదు. చదువుకో ఉద్యోగానికో ముందు ఈ పరీక్ష చేయించుకు రమ్మనడం కూడా కుదరదు. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. పాజిటివ్ ఉన్నవాళ్ల మీద ద్వేషం పుట్టించేలా రాసినా, ప్రచారం చేసినా మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఇది గుర్తుండాలి. 2024 జూలైలో త్రిపురలో 828 మంది విద్యార్థులకి హెచ్‌ఐవి వచ్చిందన్న వార్త మన గ్రూపుల్లో కూడా దావానలంలా తిరిగింది. అది 2007 నుంచి అప్పటిదాకా కలిపిన లెక్క అని అక్కడి అధికారులు వివరణ ఇచ్చేసరికి ఎవరూ వినే స్థితిలో లేరు. ఆ పిల్లల్లో చాలామందికి మత్తు ఇంజెక్షన్ల సూదులు పంచుకోవడం వల్ల సోకిందన్నదే అందులో నేర్చుకోవాల్సిన విషయం. అది భయంలో కొట్టుకుపోయింది.

"ఇప్పుడు కేసులు తగ్గాయి కదా, ఎందుకింత హడావిడి?" అని తోటి లెక్చరర్లు అడుగుతారు. తగ్గిన మాట నిజమే. 2021 జాతీయ అంచనాల్లో పెద్దవాళ్లలో హెచ్‌ఐవి దేశం మొత్తం మీద 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. అంటే ఆంధ్రలో దేశ సగటుకి మూడింతలు. హెచ్‌ఐవితో జీవిస్తున్నవాళ్ల సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత ఆంధ్రప్రదేశే. వీళ్లలో ఎక్కువమంది మందుల మీద మామూలుగా బతుకుతున్నారు. మా క్లాసులోనే వాళ్ల పిల్లలు ఉంటారు, పుట్టుకతో హెచ్‌ఐవి ఉండి ఇప్పుడు డిగ్రీకి వచ్చినవాళ్లూ ఉంటారు. సెమినార్ హాల్లో "ఎయిడ్స్ వస్తే చావే" అని మైకులో చెప్తుంటే, పొద్దున మాత్ర వేసుకుని వచ్చిన ఆ పిల్ల ఎక్కడ కూర్చుని ఉంటుందో ఒక్కసారి ఆలోచించమని మా ప్రిన్సిపాళ్లని, డాక్టర్లని వేడుకుంటున్నాను.

ఇంత చెప్పాక ఇంకొకటి కూడా అడగాలి, ఇది ప్రభుత్వానికి. 72 గంటల సంగతి మేం క్లాసులో చెప్తాం. పిల్లాడు నమ్మి ఆదివారం రాత్రి ఏరియా ఆసుపత్రికి వెళ్తే ఏమవుతుంది? ప్రభుత్వ పద్ధతిలో పెప్ ప్రధానంగా వైద్య సిబ్బందికి, లైంగిక దాడికి గురైనవాళ్లకి ఉద్దేశించింది. మిగతావాళ్లు చాలావరకు ప్రైవేటు డాక్టరుని వెతుక్కోవాలి, సొంత డబ్బుతో కొనుక్కోవాలి. హాస్టల్లో ఉండే పిల్లాడు ఎక్కడ వెతుకుతాడు, ఎవరిని అడుగుతాడు? ప్రతి ఏరియా ఆసుపత్రి క్యాజువాల్టీలో ఆ మాత్రలు మూడు రోజులకి సరిపడా ఉండాలి. డ్యూటీ డాక్టరు మొదటి డోసు వెంటనే ఇచ్చి, పెళ్లయిందా అని అడగకుండా, మర్నాడు ఏఆర్‌టీ సెంటర్‌కి పంపాలి. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీలు దీన్ని ఉత్తర్వుగా ఇస్తే, ఆ ఉత్తర్వు కాపీని మా కాలేజీ నోటీసు బోర్డు మీద నేనే అంటిస్తాను.